కుడి, ఎడం, గాలి

నా వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మన గుడియాత్తం తెలుగు సంఘం పెద్దలు ఉమాపతి గారికి, వేలూరు నుంచి పనులన్నీ మానుకుని వచ్చిన మా ప్రొఫెసర్ అణ్ణామలై గారికి, ముప్పై మూడేళ్ళు నాతో పాటు లేత్ మిషన్ల మధ్య నూనె మరకలు పంచుకున్న కాలేజీ వర్క్‌షాపు మిత్రులకు, కాలేజీ పిల్లలకు, తల్లులకు, అన్నదమ్ములకు, నా ప్రియమైన పందువులకు నమస్కారం.

(నవ్వులు)

ఆగండి, ఆగండి. బంధువులకు! బంధువులకు! ముందు వరుసలో మా ఆవిడ సరసమ్మ "అది ప కాదయ్యా, బ! బ!" అని చెయ్యి ఊపుతోంది. తప్పు నాది కాదమ్మా, ఈ కాగితానిది. ఉమాపతి గారు తెలుగులో ముత్యాల్లాగా రాసిచ్చిన సంబోధనను నేను పొద్దున కూర్చుని అరవ అక్షరాల్లోకి ఎక్కించుకున్నాను. ఈ హాల్లో సగం మందికి ఇది తెలిసిన కథే. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో నేర్చింది అరవం. నోటికి తెలుగు, చేతికి అరవం. అరవంలో పకు, బకు ఒకటే అక్షరం. కకు, గకు కూడా ఒకటే అక్షరం. చదివేవాడు సందర్భం చూసుకుని పలకాలి. సందర్భం తప్పితే బంధువులు కాస్తా... సరే, ఇంకా పొడిగిస్తే భోజనాల దగ్గర నాకు విస్తరి వెయ్యరు. ఈ అక్షరం సంగతి మాత్రం కొంచెం గుర్తు పెట్టుకోండి. ఇవాళ నేను చెప్పబోయేదంతా దాని చుట్టే తిరుగుతుంది.

ఇంకొక మాట. ఇందాక ఉమాపతి గారు శాలువా కప్పబోతే నేను చేత్తో పట్టుకున్నాను, భుజాన వేసుకోలేదు. కొందరు మొహమొహాలు చూసుకున్నారు, నేను గమనించాను. అది అమర్యాద కాదు స్వామీ. పదకొండేళ్ళుగా నా గొంతులో ఒక నిజం అడ్డం పడి ఉంది. ఇవాళ దాన్ని బయట పెట్టాలి. అది విన్నాక ఈ శాలువా నాకు కప్పుతారో, వెనక్కి తీసుకుంటారో మీ ఇష్టం.

కానీ ముందు ఇంజన్ గురించి చెప్పనివ్వండి! బయట మండపం ముందు, పెళ్ళికొడుకు కారు నిలిపే చోట, ఒక చిన్న రేసు కారు ఉంది చూశారా? నేలకు అతుక్కుని, తలుపులు లేకుండా, ఒక్క మనిషి కూర్చునేది? లోపలికి వస్తూ ఒక పెద్దాయన "ఇదేంది, మూత పోగొట్టుకున్నట్టు ఉండాది" అన్నాడు. అది మన పిల్లలు చేసిన కారు. దాని వెనక ఉన్న ఇంజన్ కూడా మన పిల్లలు చేసిందే. కొనలేదండీ, చేశారు! రెండు పాత మోటార్‌సైకిల్ సిలిండర్లు మాత్రం తెచ్చుకున్నారు. పోత పని తప్ప మిగిలిందంతా మన వర్క్‌షాపులో తయారైంది.

అది పడుకున్న ఇంజన్. మామూలు ఇంజన్‌లో సిలిండర్ నిలబడి ఉంటుంది, పిస్టన్ పైకీ కిందకీ కొట్టుకుంటుంది. మాదాంట్లో ఒక సిలిండర్ కుడి పక్కకు పడుకుని ఉంటుంది, ఇంకొకటి ఎడం పక్కకు. మధ్యలో క్రాంక్‌షాఫ్ట్. రెండు పిస్టన్లూ ఒకేసారి బయటికి పోతాయి, ఒకేసారి లోపలికి వస్తాయి. అర్థం కాలేదా? సరే, అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టండి. సిగ్గెందుకు, కొట్టండప్పా!

(చప్పట్లు)

అదీ! ఇప్పుడు మీ చేతులు ఏం చేశాయో మా పిస్టన్లు చేసేది అదే. రెండూ కలిసి దూరం పోతాయి, రెండూ కలిసి దగ్గరికి వస్తాయి. కుడి చేతి ఊపును ఎడమ చెయ్యి మింగేస్తుంది కాబట్టి మీరెవరూ కుర్చీలో పక్కకు ఒరగలేదు. అదే ఒక్క చేత్తో గాలిలో గుద్దుతూ ఉండండి, ఒళ్ళంతా ఊగిపోతుంది. నిలబడిన ఒంటి సిలిండర్ బండి మీద నాట్రంపల్లి దాకా పోయొచ్చిన వాళ్ళ నడుములను అడగండి, చెబుతాయి.

(నవ్వులు)

ఊపు తగ్గడం ఒక లాభం. ఇంకో లాభం ఎత్తు. పడుకున్నదానికి ఎత్తేముంటుంది? బరువంతా నేలకు దగ్గరగా ఉంటుంది, మలుపులో కారు ఒరగదు. ఈ రకం ఇంజన్లు పరదేశాల్లో డెబ్బై ఏళ్ళకు పైగా రేసుల్లో ఉన్నాయి. నాలుగు సిలిండర్లవి, ఆరు సిలిండర్లవి, ఆఖరికి పన్నెండు సిలిండర్లవి! పక్కకు ఆరు చొప్పున పన్నెండు! ఆ బొమ్మను అణ్ణామలై గారు క్యాంటీన్‌లో మొదటిసారి నాకు చూపించిన రోజు నా ముందున్న పొంగల్ చల్లారిపోయింది, నేను ముట్టలేదు. ఒక కాలంలో అవి వరసగా గెలిచాయి. తర్వాత కారు అడుగున గాలిని సొరంగంలో పోనిచ్చినట్టు పోనిచ్చి, ఆ గాలితోనే కారును నేలకు అదిమి పట్టే ఉపాయం వచ్చింది. ఆ సొరంగం ఉండాల్సిన చోట మనవాళ్ళు రెండు పక్కలా కాళ్ళు చాపుకుని పడుకుని ఉన్నారు. ఇంకేం చేస్తారు, పడుకున్నవాళ్ళను లేపేశారు. పెద్ద రేసుల్లో నిలువు ఇంజన్లు, వాలు ఇంజన్లు వచ్చేశాయి.

"పెద్దవాళ్ళకు పనికిరాకపోతే పోనీ, మన పిల్లల పోటీ కారుకు అంత వేగం ఉండదు, అంత సొరంగం అక్కర్లేదు, మనం చేద్దామా ఆదిమూలం?" అన్నారు అణ్ణామలై గారు. "చేద్దాం సార్" అన్నాను. ఎట్లా చెయ్యాలో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఆ తెలియకపోవడంలో ఎంత సంతోషం ఉంటుందో తెలుసా అండీ? వేలూరు బస్సు ఎక్కి దిగే దాకా టికెట్ వెనక లెక్కలు వేసుకునేవాణ్ణి. కండక్టర్ వచ్చి టికెట్ అడిగితే ఇంజన్ బొమ్మ చూపించాను ఒకసారి.

ఇదంతా పదకొండేళ్ళ కిందటి మాట. అప్పుడు మూడో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి వచ్చింది. పేరు జెసింత. ఆ అమ్మాయి ఇవాళ ఈ హాల్లోనే ఉంది, మూడో వరుసలో ఫ్యాన్ కింద. అందరూ తిరిగి చూడకండి, పాపం బెదిరిపోతుంది. వీడ్కోలు సభ అని పిలిస్తే సెలవు పెట్టి వచ్చింది. నేను ఏం చెప్పబోతున్నానో ఆమెకు తెలియదు.

ఇంజన్ మధ్యలో క్రాంక్‌షాఫ్ట్ కూర్చునే పెట్టె ఉంటుంది కదా, క్రాంక్‌కేస్, దాన్ని మొత్తం గీసింది జెసింత. ఎక్కడ ఎంత మందం ఉండాలి, నూనె ఏ దారిలో పోవాలి, బోల్టులు ఎక్కడ రావాలి, అన్నీ ఆమె లెక్కలే. ఆ బొమ్మ పట్టుకుని ఇక్కడే గుడియాత్తంలో మగ్గాలు చేసే వేలు అనే వడ్రంగి దగ్గరికి పోయాను, చెక్కతో అచ్చు చెయ్యమని. ఆయన దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసినాడు.

"ఏంది నాయనా ఇది, పెట్టె మాదిరి ఉండాది, రెండు పక్కలా చెవులు ఉండాయి?"

"ఇంజనప్పా."

"ఇంజనుకు చెవులు ఎందుకప్పా, అది మన మాట ఇంటుందా?"

(నవ్వులు)

ఆ అచ్చుతో రాణిపేట ఫౌండ్రీలో అల్యూమినియం పోసి తెచ్చాం. ఇంజన్ మొదటిసారి పలికిన రోజు జెసింత దాని మీద తన టీ గ్లాసు పెట్టింది. టీలో చిన్న చిన్న వలయాలు లేచాయి కానీ చుక్క తొణకలేదు. వర్క్‌షాపులో అందరం అరిచిన అరుపులకు పక్క లైబ్రరీ నుంచి లైబ్రేరియన్ ఆవిడ వచ్చి తిట్టి పోయింది. నా జీవితంలో అంత తియ్యటి తిట్లు నేను మళ్ళీ తినలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. పడుకున్న ఇంజన్‌కు ఒక జబ్బు ఉంది, నూనె. నిలబడిన ఇంజన్‌లో నూనె తనంతట తానే కిందికి జారి గిన్నెలో పడుతుంది. పడుకున్నదాంట్లో రెండు పక్కలా నిలిచిపోతుంది. కారు కుడికి తిరిగితే నూనె అంతా ఎడం పక్కకు పోయి కూర్చుంటుంది, ఎడమకు తిరిగితే కుడి పక్కకు పోతుంది. అందుకని ఒక పంపు పెట్టి, దానికి రెండు నోళ్ళు పెట్టి, కుడి పక్కనుంచి ఒక గొట్టం, ఎడం పక్కనుంచి ఒక గొట్టం వేసి, రెండు వైపులా నూనెను పీల్చి ట్యాంకులో పొయ్యాలి. ఇవి కాక ఇంజన్ పొట్టలో చేరిన గాలి బయటికి పోవడానికి మూడో గొట్టం, అది ట్యాంకు పైభాగానికి పోతుంది. మూడు గొట్టాలూ నల్లవి, ఒకటే మందం, ఒకటే పొడుగు. నేనే కోశాను, నేనే బిగించాను. కాలేజీలో అంతా బాగానే నడిచింది.

పోటీకి కారును లారీ ఎక్కించే ముందు ట్యాంకుకు పగులు కనిపించింది. అతుకు వెయ్యడానికి గొట్టాలను పంపు, ట్యాంకు వైపు కొసల్లో ఊడదీశాను; ఇంజన్ వైపు కొసలు అడుగున, కంటికి కనపడని చోట బిగించే ఉన్నాయి. మళ్ళీ బిగించేటప్పుడు తారుమారు కాకూడదని మూడింటికీ బట్ట టేపు చుట్టి మార్కర్‌తో పేర్లు రాశాను. "ఆదిమూలం, గుర్తులు ఇంగ్లీషులో రాయి" అని అణ్ణామలై గారు నాకు అంతకు ముందే రెండుసార్లు చెప్పి ఉన్నారు. నేను నా అలవాటు ప్రకారం రాశాను. నా అలవాటు ఏమిటో ఇందాక పందువుల దగ్గర చూశారు.

ఇదిగో, ఈ సంచిలో ఒక గొట్టం ముక్క ఉంది. కాలిపోయింది కానీ పేరు ఇంకా కనిపిస్తోంది. అణ్ణామలై సార్, మీరు అరవం చదువుకున్న మనిషి. కొంచెం మైకు దగ్గరగా చదవండి.

(అణ్ణామలై గారు: "కాలి.")

అంటే ఏమిటి సార్?

(అణ్ణామలై గారు: "ఖాళీ. ఏమీ లేదు అని.")

సార్, అది మా ఇంట్లో గాలి!

(పెద్దగా నవ్వులు)

గాలి గొట్టం! గాలి అని రాశాను, ఖాళీ అయి కూర్చుంది. ఇంకా ఉంది, వినండి. కుడి పక్క గొట్టం మీద కుడి అని రాశాను. అరవంలో కుడి అంటే ఏమిటి? తాగు! ఎడం పక్క గొట్టం మీద ఎడం అని రాశాను. మాట్లాడుకునే అరవంలో ఎడం అంటే? చోటు! నేను కుడి, ఎడం, గాలి అని మూడు పేర్లు రాశాను. తెలుగు అనుకోని మనిషి చదివితే అవి తాగు, చోటు, ఖాళీ.

పోటీ జరిగే చోట కారు మీద చెయ్యి వెయ్యాల్సింది విద్యార్థులు మాత్రమే. అది నిబంధన. మాలాంటివాళ్ళం తాడు కట్టి ఉంటే తాడుకు ఇవతల నిలబడి మెడలు సాచాలి. ట్రాక్ మీదికి పిలుపు రావడానికి పావుగంట ఉండగా జెసింత ట్యాంకు పెట్టి, మూడు గొట్టాలు చేతిలోకి తీసుకుని, పేర్లు చదివింది. ఆ పిల్ల ఎంత తెలివిగా ఆలోచించిందో చూడండి. తాగేది పంపు కదా, అందుకని 'తాగు' గొట్టం పంపు ఒక నోటికి బిగించింది. ఖాళీ చెయ్యాల్సింది ఇంజన్ పొట్ట కదా, అందుకని 'ఖాళీ' గొట్టం పంపు రెండో నోటికి బిగించింది. 'చోటు' అని ఉన్నది మిగిలింది. ట్యాంకు పైభాగంలో ఖాళీ చోటు ఉంటుంది, అక్కడ బిగించింది. నేనే ఆ చోట ఉండి, అది తెలుగు అని తెలియకపోయి ఉంటే, సరిగ్గా అట్లాగే బిగించేవాణ్ణి.

ఆ ట్రాక్‌లో ఎక్కువ మలుపులు కుడికే. నూనె ఎడం పక్కకు పోయి నిలబడింది. దాన్ని పీల్చేవాడు లేడు. పంపు ఒక నోటితో నూనె, ఇంకో నోటితో వట్టి గాలి తాగుతోంది. మూడు ల్యాపులు బ్రహ్మాండంగా పోయింది. నాలుగో ల్యాపులో టక్కుమని ఒక్క చప్పుడు. ఆ చప్పుడు విని నేను చేతిలోని గొడుగు కింద పడేశాను. ఇంజన్ పట్టేసింది. క్రాంక్‌షాఫ్ట్ విరిగి జెసింత గీసిన పెట్టెను చీల్చుకుని బయటికి వచ్చింది.

ఇక్కడి దాకా నవ్వొచ్చు. ఇక్కణ్ణుంచి నాకు నవ్వు రాదు.

కాలేజీకి తెచ్చి కడిగేటప్పుడు రెండు గొట్టాల మీద టేపు నూనెలో కరిగి పోయింది. మూడోది క్లాంపు కింద ఇరుక్కుని మిగిలింది. పక్కన ఉన్న పాపన్, మా స్టోర్ కీపర్, "ఏం ఆదిమూలం, ఖాళీ అని రాసినావు, దేన్ని ఖాళీ చెయ్యాల?" అని అడిగాడు. మూడు మాటలూ వరసగా అరవంలో చదువుకున్నాను. అంతా అర్థమైంది. పాపన్‌కు ఏమీ చెప్పకుండా ఆ గొట్టాన్ని నా బీరువాలో, పాత డ్రిల్లుల కింద పెట్టేశాను.

రెండు రోజుల తర్వాత విచారణ కూర్చుంది. "గొట్టాలు ఎవరు బిగించారు?" అని అడిగారు. "నేనే" అంది జెసింత. "పేర్లు చూసి అర్థమైనట్టు బిగించాను" అంది. ఏ పేర్లు అని అడిగితే చూపించడానికి గొట్టాల మీద ఏమీ లేదు. నన్ను పిలిచారు. "నువ్వు గుర్తులు పెట్టావా?" "పెట్టాను సార్." "సరిగ్గా పెట్టావా?" "సరిగ్గానే పెట్టాను సార్."

అబద్ధం చెప్పలేదు అని ఆ రోజు నాకు నేను చెప్పుకున్నాను. కుడి దాని మీద కుడి అని, ఎడం దాని మీద ఎడం అనే కదా రాశాను! ఇట్లా నన్ను నేను ఎన్నిసార్లు మోసం చేసుకున్నానో లెక్క లేదు. నిజం ఏమిటంటే అప్పటికి నేను ఇరవై రెండేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగిని. పర్మనెంట్ కాగితం ఆ నెలే ఆఫీసులో సంతకానికి వచ్చింది. ఇంగ్లీషులో రాయమంటే రాయనివాడు, రాయలేనివాడు అని తేలితే ఆ కాగితం ఏమవుతుందో అని భయపడ్డాను. భయపడి ఇరవై ఏళ్ళ పిల్లను ముందుకు తోశాను. సార్, మీరు నన్ను అట్లా చూడకండి, చెప్పడం ఇంకా అయిపోలేదు.

విచారణ అయ్యాక నేను వరండాలో స్తంభం పక్కన నిలబడి ఉన్నాను. జెసింత బయటికి వచ్చి ఫోన్ తీసింది. ఏడాది పాటు నేను ఆ పిల్లతో అరవంలో మాట్లాడాను, ఆమె నాతో అరవంలో మాట్లాడింది. ఆ రోజు వాళ్ళ అమ్మతో మాట్లాడిన మాట నా చెవిన పడింది.

"అమ్మా, తప్పంతా నాదే. నేనే గొట్టాలు తారుమారు చేసినాను. యాడ పొరపాటు చేసినానో తెలీలేదమ్మా, ఎంత ఆలోచించినా తెలీలేదు."

తెలుగు! అచ్చం మా ఇంటి తెలుగు! ఆ పిల్ల కూడా నాలాగే, ఇంట్లో తెలుగు, బడిలో అరవం. ఏడాది పాటు ఒక ఇంజన్ చుట్టూ తిరిగిన ఇద్దరు తెలుగువాళ్ళం ఒక్క రోజైనా "మీది ఏ ఊరు, ఇంట్లో ఏం మాట్లాడతారు" అని ఒకరినొకరు అడగలేదు. అడిగి ఉంటే ఆ గొట్టం మీద ఆమె గాలి అనే చదివేది. అయినా నేను స్తంభం వెనకనుంచి కదల్లేదు. నా కాగితం వచ్చింది. సరసమ్మ పాయసం చేసింది. తిన్నాను. సిగ్గుగా ఉంది చెప్పడానికి, కానీ తిన్నాను.

జెసింతను టీమ్‌లోంచి తీసేశారు. డ్రాయింగ్ మీద ఆమె పేరు కొట్టేశారు. ఆమె మళ్ళీ ఇంజన్ల జోలికి పోలేదు. ఇప్పుడు ఒరగడం అనే ఊళ్ళో ఒక ఫ్యాక్టరీలో సీటు బెల్టులు పరీక్ష చేస్తోంది. మంచి ఉద్యోగమే, కాదనను. కానీ ఇంజన్ మీద టీ గ్లాసు పెట్టి నిలబడిన ఆ పిల్ల మొహాన్ని నేను చూశాను. ఆ మొహం ఉన్న మనిషి సీటు బెల్టుల దగ్గర ఉండాల్సింది కాదు.

రెండేళ్ళ కింద మా కాలేజీ అమ్మాయి నందిత, అదిగో, వెనక గోడకు ఆనుకుని ఫోన్‌లో ఇదంతా రికార్డు చేస్తోంది చూడండి, ఆ పిల్ల బీరువా వెతికి ఆ పాత డ్రాయింగ్ బయటికి లాగింది. "సార్, ఈ బొమ్మ ఎవరిది? పేరు కొట్టేసి ఉండాదే?" అని అడిగింది. "పాత బ్యాచ్ వాళ్ళది" అన్నాను. అప్పుడు కూడా పిరికితనమే. "ఇంత బాగా గీసినోళ్ళు ఎందుకు నిలిపేసినారు సార్? మనం చేద్దాం సార్!" అంది.

మళ్ళీ చేశాం! ఎగ్జాస్ట్ గొట్టాలు కింద పెడితే నేలకు తగులుతాయని ఇంజన్ ఎత్తాల్సి వచ్చేది, ఎత్తితే పడుకున్న ఇంజన్ లాభమే పోయేది. నందిత వాళ్ళు సిలిండర్ తలలు తిప్పి ఎగ్జాస్ట్‌ను పక్కనుంచి పైకి తీశారు. ఇంజన్ నాలుగు వేళ్ళు కిందికి దిగింది. నాలుగు వేళ్ళు, అండీ! మీకు నాలుగు వేళ్ళే, మాకు నాలుగు నెలలు. నూనె గొట్టాలు నేను మార్చాను. మూడూ మూడు మందాలు. బొటనవేలంత ఒకటి, చూపుడువేలంత ఒకటి, చిటికెనవేలంత ఒకటి. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు. తప్పు బిగించాలని కూర్చున్నా బిగించలేరు. క్రాంక్‌కేస్ మాత్రం జెసింత గీసినట్టే, నూలు పోగంత కూడా మార్చలేదు. మార్చాల్సిన అవసరం లేకపోయింది.

పోయిన నెల అదే ట్రాక్. అదే తాడు, ఇవతల నేను. నాలుగో ల్యాపు వచ్చేసరికి తాడును రెండు చేతులా పట్టుకున్నాను. నాలుగు దాటింది. పది దాటింది. పదిహేనో ల్యాపులో వాన చినుకులు పడితే ఒరిగే కార్లు ఒరుగుతున్నాయి, మాది నేలను పట్టుకుని పోతోంది! ఇరవై. ఇరవై ఒకటి. ఇరవై రెండు! అయిపోయింది! ఎక్కడా ఆగలేదు! గెలిచామా అంటే గెలవలేదు, పదమూడో స్థానం. కానీ నేను ఎగిరిన ఎగురుడుకు నిర్వాహకుడు ఒకాయన వచ్చి "మొదటి బహుమతి మీదేనా?" అని అడిగాడు.

(నవ్వులు, చప్పట్లు)

ఆ సంబరంలో నందిత అడిగింది, "సార్, గొట్టాలు మూడు మందాలు పెట్టాలని మీకు ఎట్ల తోచింది సార్? అందరూ దాన్నే పొగుడుతా ఉండారు." నా తప్పుకు కూడా పొగడ్త నాకే వస్తోంది. ఇంక చాలు అనుకున్నాను.

జెసింతా, అమ్మా, ఇప్పుడు నీతో చెబుతున్నాను, అందరూ వినేట్టు చెబుతున్నాను. యాడ పొరపాటు చేసినానో తెలీలేదు అని ఆ రోజు నువ్వు మీ అమ్మతో అన్నావు. నువ్వు యాడా చేయలేదు. పేర్లు తప్పుగా అర్థమయ్యేట్టు రాసింది నేను. గొట్టం దాచింది నేను. నీ ఇంజన్ సగంలో ఆగిపోవడానికి, నువ్వు ఇంజన్లు వదిలి పోవడానికి కారణం ఈ ఆదిమూలం.

(మూడో వరుసలో జెసింత లేచి నిలబడింది. "అట్లయితే... నేను తప్పు చేయలేదా సార్?")

చేయలేదమ్మా. నువ్వు ఉన్నది ఉన్నట్టు చదివినావు. చేసింది నేను, దాచింది నేను. నన్ను క్షమించమని అడగడానికి కూడా నాకు నోరు రావడం లేదు.

అణ్ణామలై గారు తల ఊపుతున్నారు. తల ఊపితే చాలదు సార్. ఆ పాత విచారణ రిపోర్టును మార్చి, ఆమె పేరును డ్రాయింగ్ మీద తిరిగి పెట్టి, ఒక కాగితం రాసివ్వండి. ఇంగ్లీషులోనే రాయండి, ఎవరూ ఇంకోలా చదవకుండా.

(నవ్వులు. అణ్ణామలై గారు మైకు అందుకుని: "రేపే రాస్తాను.")

ఉమాపతి గారూ, మీరు కోప్పడనంటే ఒక మాట, ఈ శాలువా నాది కాదు. సరసమ్మా, ఇదో, తీసుకుపోయి ఆ బిడ్డకు కప్పు. పదకొండేళ్ళ కింద నువ్వు చేసిన పాయసం కూడా ఆ బిడ్డదే, నేను తిన్నాను.

(చప్పట్లు)

ఆఖరుగా ఒక చిన్న మాట. రెండు నెలలుగా నేను ప్రతి ఆదివారం ఉమాపతి గారి ఇంటికి పోయి తెలుగు అక్షరాలు నేర్చుకుంటున్నాను. అరవై ఏళ్ళ శిష్యుణ్ణి ఆయన పలక మీద దిద్దించారు, పాపం. సంబోధన మొత్తం చదివేంత రాలేదు, అది మీరే చూశారు. నాలుగు మాటలు మాత్రం చూడకుండా రాయగలను. మూడు మాటలు ఆ కారు గొట్టాల మీద నా చేత్తో రాశాను. కుడి, ఎడం, గాలి. ఈసారి కు కు లాగా, గా గా లాగా ఉంది. నాలుగో మాట క్రాంక్‌కేస్ మీద ఉలితో చెక్కాను. ఎత్వం, గుడి, సున్నా, తలకట్టు, అన్నీ ఉన్నాయి. సున్నా కొంచెం పెద్దది అయిపోయింది, బేరింగ్ మాదిరి వచ్చింది, ఉమాపతి గారు మన్నించాలి. ఆ నాలుగో మాట జెసింత.

నన్ను ముప్పై మూడేళ్ళు భరించిన వర్క్‌షాపుకు, నా చేతిలో పని పెట్టిన అణ్ణామలై గారికి, అక్షరం పెట్టిన ఉమాపతి గారికి, రోజూ వేలూరు బస్సుకు క్యారియర్ కట్టిచ్చిన సరసమ్మకు, ఓపికగా విన్న నా బంధువులందరికీ... బంధువులకు, సరిగ్గానే పలికాను... చేతులెత్తి మొక్కుతున్నాను. నందితా, కారు తాళం జెసింత చేతికి ఇవ్వమ్మా. అమ్మా జెసింతా, నేను మైకు ఆపేస్తాను, నువ్వు పోయి నీ ఇంజన్ మొదలుపెట్టు.

సెలవు.